వాన పడితే మోకాలి నొప్పి

ఆరు కాకముందే పెద్దాయన షెడ్డు తలుపు తీశాడు. హ్యాండ్ బ్రేకు దించి, నీలం కారును భుజంతో జానెడు ముందుకు నెట్టాడు. మళ్ళీ బ్రేకు వేశాడు. ముందు టైరు మీద సుద్దముక్కతో కొత్త గీత గీసి, నిన్నటి గీతను వేలితో తుడిచేశాడు. బండి కదలకుండా నిలబడితే టైరు ఒకేచోట అణిగిపోతుంది. బండి షెడ్డు ఆ చివరకి చేరితే మర్నాటి నుంచి జానెడు చొప్పున వెనక్కి. ఎనిమిది నెలలుగా ఇదే పని. ఎందుకు చేస్తున్నావని ఎవరూ అడగలేదు. 

నలభై రెండేళ్ళు టైర్ల పని చేసిన మనిషి. రోడ్డు మీద ఎవరి కారు ఆగి ఉన్నా సరే, వంగి టైరు గాట్లలో ఇరుక్కున్న రాళ్ళు తీసేవాడు. పెళ్ళికెళ్తే పందిట్లో కంటే బయట నిలిపిన కార్ల దగ్గరే ఎక్కువసేపు ఉండేవాడు. ఈ నీలం కారు టైర్లలోనూ రాళ్ళున్నాయి. వాటిని మాత్రం ముట్టుకోలేదు. అవి ఆమె చివరిసారి తిరిగి వచ్చిన దారిలోవి.

ఆమె అంటే ఆయన భార్య. డ్రైవింగు నేర్పే టీచరు. సగం ఊరు ఆమె దగ్గరే స్టీరింగు పట్టుకుంది. ఉద్యోగం మానేసిన వారంలోనే ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చింది, పాతది. "ముప్ఫై అయిదేళ్ళు పక్క సీట్లో కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. ఇక నా బండి నేను నడుపుకుంటా" అంది. ఒకరోజు వంటింట్లో కూర తరుగుతూ తరుగుతూ గుండె ఆగి పోయింది. పెద్దాయన ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడు అన్నారు చూసినవాళ్ళు. ఆయన ఏమీ చేసుకోలేదు. చాలాసేపు మడత పెట్టి కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కి అది తనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. అంతే.

కూతురూ అల్లుడూ వచ్చి ఈ ఇంట్లోనే ఉంటున్నారు. వాళ్ళు తినమంటే తింటాడు. పడుకోమంటే పడుకుంటాడు. దేనికైనా ఒకటే మాట, "అలాగే."

ఆవేళ కాఫీ దగ్గర కూతురు కదిపింది. ఆమెకి ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని.

"నాన్నా, సోమవారం నుంచి నాకు ఉదయం డ్యూటీ. ఆ వేళకి బస్సు లేదు. అమ్మ కారు తీస్తాను."

"అలాగే."

"టైర్లు మార్పించాలి. పగుళ్ళొచ్చాయి. మళ్ళీ ఇప్పుడున్న కంపెనీవే అంటే మన వల్ల కాదు. స్పోర్ట్స్ కార్లకే సరిపోయేవి, సగం ధరలో మంచివి వస్తున్నాయట. నీ శిష్యుడే చెప్పాడు."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "టైర్లు మార్చొద్దు."

ఎనిమిది నెలల్లో ఆయన కాదన్న మొదటి మాట అది. కూతురు మొగుడి వంక చూసింది.

అల్లుడు లెక్కల మాస్టారు. వాతావరణం తేలిక చేద్దామని నోరు తెరిచాడు. "మామయ్యగారూ, చిన్న సందేహం. కారుకి టైర్లా, టైర్లకి కారా?"

"మీరు ఊరుకోండి" అంది కూతురు.

"అవి మీ అమ్మకి నేను తెచ్చినవి" అన్నాడు పెద్దాయన. "ఆ కారు మీద చవక సరుకు ఎక్కదు." లేచి వెళ్ళిపోయాడు.

తెచ్చినమాట నిజమే. ఆమె అరవయ్యో పుట్టినరోజుకి తెచ్చాడు. పందేల కార్లకి వేసే రకం. పల్చటి గాట్లు, మెత్తటి రబ్బరు. ఆ రోజు ఊళ్ళో టైర్ల పనివాళ్ళంతా ఆయన షాపుకొచ్చి చేత్తో తడిమి మరీ చూసి వెళ్ళారు. ఆమె కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాకా ఇవి?" అంది. ఆ మాటొక్కటి ఆయనకి నాలుగేళ్ళు సరిపోయింది.

సోమవారం తెల్లారకముందే వాన పట్టుకుంది. షెడ్డులో ఇంజను చప్పుడు విని పెద్దాయన లేచి వచ్చేసరికి కారు గేటు దాటుతోంది. పాత టైర్లతోనే. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. తడుస్తున్నానని కూడా తెలియలేదు.

అరగంటకి కారు తిరిగి వచ్చింది. కూతురు దిగింది. కారు తలుపు వెయ్యకుండానే మెట్టు దగ్గరికి వచ్చింది. 

"ఏమైందే?" అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఆసుపత్రి మలుపులో జారింది. గిర్రున తిరిగి వెనక్కి మొహం పెట్టింది. దీపస్తంభానికీ నాకూ మధ్య మూరెడు లేదు." తండ్రి వైపు తిరిగింది. "నువ్వు తెచ్చిన టైర్లే నాన్నా. పేరు గొప్ప, ఊరు దిబ్బ."

"ఎన్నాళ్ళో కదలని బండి. నెమ్మదిగా పోవాలి" అన్నాడు పెద్దాయన. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "మీ అమ్మ నాలుగేళ్ళు నడిపింది. ఒక్కసారి జారిందా?"

"వానలో నడిపితే గదా జారడానికి!"

"వానొస్తే మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి. అందుకని బస్సులో వెళ్ళేది."

కూతురు ఆయన్ని అలాగే చూసింది. "మోకాళ్ళ నొప్పున్న మనిషి మెత్తటి సీటు వదిలిపెట్టి బస్సు మెట్లెక్కుతుందా నాన్నా?"

ఆ ప్రశ్న ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

"ఏం చెప్తున్నావు నువ్వు?"

"చెప్పనని మాటిచ్చాను." ఆమె చీర కొంగు పిండుకుంటూ ఆగింది. "మొదటి వానకే అమ్మ జారింది. అదే మలుపు. ఆ రోజే నాకు ఫోన్ చేసి చెప్పింది. మార్పించుకోవే అంటే, 'మీ నాన్నతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు. పెళ్ళయ్యాక నేను అడక్కుండా ఆయన తెచ్చిన వస్తువు ఇదొక్కటే' అంది. మబ్బు పట్టినప్పుడల్లా మోకాలు పట్టుకుని కూర్చునేది, అందుకే."

 చూరు నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.

వాన పడిన ప్రతి సాయంత్రం ఆయన నూనె వెచ్చబెట్టి తెచ్చేవాడు. ఆమె కాళ్ళు చాపుకుని, "ఇంకాస్త కిందికి... ఆఁ, అక్కడ" అనేది. ఒకరోజు ఎడమ మోకాలు చూపించేది, ఇంకోరోజు కుడిది. నొప్పి తిరుగుతోంది కాబోలు అనుకున్నాడు. నాలుగు వానాకాలాలు, ఏ రోగమూ లేని మోకాళ్ళకి నూనె రాశాడు.

పోనీ టైర్ల సంగతి తెలియనివాడా? ఆ రకం అడిగిన ప్రతివాడికీ తనే చెప్పేవాడు, "ఇది ఎండలో రాజు, వానలో తాగుబోతు" అని. బయటివాళ్ళందరికీ చెప్పిన మాట ఇంట్లో చెప్పలేకపోయాడు. ఖరీదు చూశాడు. ఆమె వెళ్ళే దారి చూడలేదు.

పెద్దాయన లేచి షెడ్డులోకి వెళ్ళాడు. జాకీ పెట్టి ముందు చక్రం ఎత్తాడు. పానాతో బోల్టులు విప్పి, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మొనతో ఒక్కొక్క రాయీ తీయడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న రాళ్ళు. కొన్ని ఇసకరేణువులంతే. తీసినవి పక్కనున్న రేకు మూతలో వేస్తున్నాడు.

కాసేపటికి కూతురు వచ్చి ఎదురుగా గొంతుకూర్చుంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"కొత్తవి వేసే ముందు శుభ్రం చెయ్యాలి."

"పారేసే టైర్లకి శుభ్రమేంటి?"

ఆయన జవాబు చెప్పబోయాడు.  తిమ్మిరెక్కిన కాల్లోకి నెత్తురు తిరిగి వచ్చేటప్పుడు ఎలా సూదులు గుచ్చుతాయో, అలా మొదలైంది ఎక్కడో. స్క్రూడ్రైవరు జారి పడింది. నల్లటి రబ్బరు మీద తల ఆనించి పెద్దాయన ఏడ్చాడు. అలవాటు లేని ఏడుపు. దగ్గులా వచ్చింది.

"నాలుగేళ్ళు నూనె రాయించుకుంది" అన్నాడు చివరికి. "ఏ మోకాలో ముందే అనుకుని ఉండొచ్చు గదా. ఒక్కోసారి ఒక్కోటి చూపించేది."

కూతురు నవ్వబోయి తనూ ఏడ్చింది. "నువ్వు నూనె రాస్తుంటే బాగుంటుందనీ చెప్పింది నాన్నా. కారు కంటే అదే బాగుందట."

వాన తగ్గాక చక్రం మళ్ళీ బిగించి, శిష్యుడి షాపుకి వెళ్ళారు. శిష్యుడికీ నలభై దాటాయి, ఇప్పుడు షాపు అతనిదే. గురువుగారిని చూసి కుర్చీ తెచ్చాడు. పెద్దాయన కూర్చోలేదు. కొత్త టైరు గాట్లలో గోరు దించి లోతు చూశాడు. టైరు పక్కన అచ్చు వేసిన, తయారైన వారమూ ఏడూ చెప్పే నాలుగంకెలు చదివాడు. ఈ ఏడాది సరుకే.

"మీ చేత్తో ఈ చవక టైర్లు ఎక్కిస్తారనుకోలేదు గురువుగారూ."

"నీళ్ళు పోయే దారుందిరా వీటికి. అది చాలు. ఆ పానా ఇటివ్వు."

నాలుగూ తనే బిగించాడు. నడుం పట్టేసినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడూ వానే. షెడ్డులో నెట్టాల్సిన పని లేదు గనక ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. గేటు దగ్గర హారను మోగింది.

"నాన్నా, మలుపు దాకా వస్తావా? అక్కడ దింపేస్తాను, గొడుగేసుకుని నడిచి వచ్చేద్దువు గాని."

పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కార్లో ఆయన అక్కడ కూర్చోవడం మొదటిసారి. ఆమె ఉన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా, షాపుందని అనేవాడు.

మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయన కుడికాలు దానంతటదే నేలను అదిమింది. అక్కడ బ్రేకు లేదు. కారు ఒరిగింది. నీళ్ళు రెండు పక్కలా చిమ్మాయి. టైర్లు రోడ్డును వదల్లేదు.

"పట్టుకుంది" అన్నాడు పెద్దాయన.

కూతురు కారు పక్కకి తీసి ఆపింది. ఆయన దిగలేదు. అరచేత్తో మోకాలు నిమురుకుంటున్నాడు.

"నొప్పా నాన్నా?"

"వాన గదమ్మా" అన్నాడు.