మెడలోని కాపలా

"మనిషిని చంపడానికి వాళ్లకి తుపాకీ అక్కర్లేదు. ఆపరేషన్ టేబుల్ చాలు," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్.

డేగ అనే మారుపేరున్న ఏజెంట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"విదేశీ ముఠా సంకేతాల గుట్టు విప్పిన మన ప్రొఫెసర్‌కి ఇవాళ సర్జరీ. మెడ రక్తనాళాల్లో బీపీని కనిపెట్టే సెన్సర్లుంటాయి. ప్రెషర్ పడిపోతే అవి మెదడుకి కబురంపుతాయి, గుండె పరుగందుకుంటుంది. మత్తు మోతాదు మించితే అవి మొద్దుబారిపోతాయి. బీపీ పాతాళానికి పోతున్నా గుండెకి చీమ కుట్టినట్టుండదు. చివరికి రిపోర్టులో ఏం రాస్తారు? మత్తు ఒంటికి పడలేదని!"

"ఛీ!"

"ఈ సంగతి చెప్పింది ముఠాలో ఉన్న మన మనిషి, నెమలి. మత్తు డాక్టరు కూడా ఆవిడే. నువ్వు టెక్నీషియన్‌గా వెళ్లి హంతకుడెవరో పట్టుకో." చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "నొక్కితే సూది వస్తుంది. ప్రెషర్ పెంచే మందు."

థియేటర్‌లో స్పిరిట్ వాసన, కాలిన మాంసం కమురు. వాటి మీద నెమలి సెంటు. మాస్కు పైన ఆమె కళ్లు మాత్రం సినిమా పోస్టర్‌లోలా మెరుస్తున్నాయి.

మానిటర్ మీద బీపీ జారుతోంది.

"మేడమ్, బీపీ..."

"సర్జరీలో మామూలేనయ్యా. నీ పని చూసుకో."

ఇంకా జారింది. నాడి మాత్రం తాపీగా కొట్టుకుంటోంది. అలారం మోగలేదు, ఎవరో దాని నోరు నొక్కేశారు. మత్తు యంత్రం డయల్ మీద పచ్చగుడ్డ కప్పి ఉంది. డేగ దాన్ని లాగేశాడు. ముల్లు చివరిదాకా తిరిగి ఉంది.

ముందుగా కబురు చెప్పి ఆమె సంపాదించింది మన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఈ కుర్చీలో కూర్చుంది.

"డాక్టరుగారూ, కత్తి ఆపండి!" అని సర్జన్‌తో అరుస్తూ అతను డయల్ కట్టేశాడు. నెమలి అతని మణికట్టు పట్టుకుంది.

"వాడికి నొప్పి కూడా తెలీదు. ఇంత దయగా ఎవరు చంపుతారు?" అంది గుసగుసగా.

డేగ మణికట్టు విడిపించుకున్నాడు. ఆమెను తోసేసి పెన్ను సూదిని డ్రిప్ గొట్టంలోకి గుచ్చాడు. మానిటర్ మీద బీపీ గీత దాదాపు నేలబారుగా సాగుతోంది. గీత వణికింది, లేచింది. బీపీ అంకె మెల్లగా పైకెక్కింది. ఈలోగా సర్జన్ తలుపుకి అడ్డం నిలబడి గార్డుల్ని కేకేశాడు.

సాయంత్రం చీఫ్ నవ్వుతూ ఫోన్ చేశాడు. "శభాష్! నెమలి నోరు విప్పి, ముఠాలో వాళ్ల పేర్లన్నీ కక్కేసింది. బేరం కుదిరింది. రేపట్నుంచి నీ పార్ట్‌నర్ ఆవిడే."

డేగ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"అలాగే సార్. నాకెప్పుడైనా అపెండిక్స్ తీయాల్సొస్తే మాత్రం, మత్తు లేకుండానే కోయమనండి."