ఎనిమిదింటి మూడు గంతులు

భూకంపాల ఆఫీసు వాచ్‌మన్‌కు పిచ్చెక్కిందని పక్కింటి పిన్ని కుళాయి దగ్గర అందరికీ చెప్పిందట. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి పెరట్లో యంత్రం పాతిన గొయ్యి పక్కన మూడు గంతులు వేస్తాడట. నిన్న సాయంత్రం మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు గనుక, ఇక ఆ పిచ్చి దానంతటదే కుదురుతుందట.

ఏసీ మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ 'ఉడుత' ఈ కబురు విని నవ్వుకుంటూ లోపలికి నడిచాడు. ఉత్తరాన ఇదే తీరంలో ఉన్న హెడ్డాఫీసులో ఛీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ ఇంకా చెవిలో మోగుతూనే ఉంది.

"సముద్రం అడుగున ఒక భూఫలకం ఇంకో ఫలకం కిందికి దూరుతోంది. నూరేళ్ళుగా బిగుసుకున్న అంచు ఇప్పుడు వదులవుతోందని విదేశీ ముఠా పసిగట్టింది. భూకంపాన్ని వాళ్ళు తెప్పించలేరు. మనల్ని చెవిటివాళ్ళను చెయ్యగలరు. రేవులో నౌకాదళం, ఊళ్ళో లక్షమంది జనం. సైరన్ మోగకపోతే అంతే."

"లోపల మనవాళ్ళెవరు సార్?"

"ఇన్‌ఛార్జి మేడమ్. కోడ్ వర్డ్ 'గొడుగు తెచ్చారా'."

లోపల మేడమ్ ఎదురైంది. నల్లకళ్ళద్దాలు, గదంతా సెంటు. కోడ్ వర్డ్ మేడమే ముందు అంది. తెరమీద పెరటి యంత్రం గీసే గీత సాఫీగా సాగుతోంది.

"చూశావుగా, సముద్రం పసిపాపలా పడుకుంది. ఏసీ చూసుకుని బయల్దేరు అన్నయ్యా."

ఎనిమిదయింది. తెరమీది గీతలో ముళ్ళలా మూడు మొనలు లేచాయి.

ఉడుత కిటికీలోంచి తొంగిచూశాడు. పెరట్లో వాచ్‌మన్ తాత, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, ఇప్పుడు గెంతిందెవరు?"

"ఇంకెవరు గెంతుతారు నాయనా? యంత్రం బతికుందో లేదో తెలియాలని ముప్ఫై ఏళ్ళుగా నేనే గెంతుతున్నా. ఇవాళ ఈ కాలుతో ఏం గెంతను?"

తెరమీదిది పాత రికార్డింగ్! వాచ్‌మన్ ఎందుకు ఎగురుతాడో మేడమ్ ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో పిస్తోలు. ఉడుత స్క్రూడ్రైవర్ మీట నొక్కాడు. కరెంటు సూది ఆమె మణికట్టులో దిగి, పిస్తోలు జారిపడింది. తెర వెనక దాచిన డబ్బాను ఊడబెరికాడు. అసలు లెక్క బయటపడింది. మూడు రోజుల్లో నలభై చిన్న కంపాలు, అన్నీ ఆ బిగుసుకున్న అంచు దక్షిణపు కొసనే.

అంతలో నేల ఊగింది. మెల్లగా, పడవలో ఉన్నట్టు. ఒక్క కప్పు కూడా పగల్లేదు.

"సైరన్ నొక్కు!" కిటికీ అవతల తాత కేకపెట్టాడు. "మెల్లగా ఊపేదే పెద్ద అలను తెస్తుంది!"

ఓడలు లోతునీళ్ళకు పరుగెత్తాయి. జనం కొండెక్కారు. బేడీలతో మేడమ్ ముందు, వీపున తాతతో ఉడుత వెనక. ఆఖరి మెట్టు ఎక్కేసరికి కింద ఖాళీ బజారును అల మింగేసింది.

ఫోన్ స్పీకర్లో ఛీఫ్ గొంతు ఖంగుమంది. "శభాష్ ఉడుతా! గండం గడిచింది. ఇక నూరేళ్ళ దాకా నిశ్చింత."

తాత ఉడుత భుజం మీంచి వంగాడు.

"జారింది దక్షిణం ముక్కే సారూ. ఉత్తరం ముక్క ఇంకా బిగుసుకునే ఉంది. మీ ఆఫీసు అటేగా?"