మావయ్య వంతు

చలికాలం ఆదివారాల్లో భోజనం కాగానే అద్దాలాయనకి కాలు ఒకచోట నిలవదు. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని, గుమ్మంలో నిలబడి కోటు బొత్తాలు పెట్టుకుంటూ కూతుర్ని తొందరపెడతాడు. "మన పెళ్లినాడు కూడా ఇంత సోకు చెయ్యలేదు ఈయన" అని భార్య వంటింట్లోంచి అంటుంది. ఇరవై ఏళ్లుగా అదే మాట. ఇరవై ఏళ్లుగా ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆయన పని కళ్లద్దాల షాపు వెనక గదిలో. డాక్టరు చీటీలో రాసిన కొలతకి అద్దాన్ని అరగదీసి ఫ్రేములో ఇమడ్చాలి. ఆఖర్న అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊదుతాడు. ఆవిరి పట్టిన అద్దం మీద గీత ఉంటే ఇట్టే దొరికిపోతుంది. లేకపోతే మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెట్టేస్తాడు. రోజుకి నలభై అద్దాలు, నలభై సార్లు "హా". చెవిలో మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జాజ్ మోగుతూనే ఉంటుంది. ఆయనకి వాయించటం రాదు. ఈల కూడా సరిగ్గా వెయ్యలేడు. వినమంటే మాత్రం ఆకలిదప్పులు మర్చిపోతాడు.

ఈ పిచ్చి అంటించింది ఆయన బావ, భార్యకి సొంత అన్న. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ట్రంపెట్టే ఆయన సంసారం. "మనిద్దరి పనీ ఒకటే బావా, ఊపిరి ఊదటమే" అని నవ్వేవాడు. ముందు పన్ను ఒకటి ఊడిపోయి, ఆ సందులోంచి సన్నగా ఈల వచ్చేది. ఎప్పుడూ దవడలో ఒక పిప్పరమెంటు బిళ్ల. మేనకోడలికి ఏడేళ్లప్పుడు ట్రంపెట్ పట్టుకోవటం నేర్పించాడు. అది "మావయ్యా" అని పిలవటం విని వాయించేవాళ్లందరూ ఆయన్ని మావయ్యనే అనేవాళ్లు.

వాళ్లు కలిసేది బూట్లు బాగుచేసే షాపు కింద సెల్లార్లో. పన్నెండు మెట్లు దిగాలి. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కాఫీ వాసన, పాత హీటరు కాలుతున్న వాసన కలిసిపోయి ఉంటాయి. మూడింటికి మొదలు, ఆరింటికి ముగింపు. చలికాలంలో నాలుగున్నరకే పైన వీధిలో చీకటి పడిపోతుంది గనక ఆఖరి గంటన్నర కిటికీలు నల్లగా ఉంటాయి. కిటికీలంటే పెద్దవేం కాదు. సీలింగు కింద రెండు గాజు పలకలు, వాటిలోంచి నడిచేవాళ్ల బూట్లు కనిపిస్తాయి.

అక్కడ ఒక పద్ధతి ఉంది. మెట్ల దగ్గర ఒక రాతి పలక వేలాడుతుంది. వాయించాలనుకున్నవాళ్ల పేర్లు వరసగా దానిమీద రాస్తారు. మొదట అందరూ కలిసి వాయిస్తారు. చీకటి పడ్డాక, డ్రమ్మరూ, బేస్ వాయించే బస్సు డ్రైవరూ తాళం నడుపుతుంటే ఒక్కొక్కరే వేదిక ఎక్కి ఒక్కో రౌండు వాయించాలి. నాలుగు దెబ్బలు ఒక బారు, ముప్పై రెండు బార్లు ఒక రౌండు. పలక మీద పేరున్నవాడు రాకపోయినా తాళం ఆగదు. ఆ ముప్పై రెండు బార్లూ ఖాళీగా నడిపించి తర్వాతివాణ్ని పిలుస్తారు. పలక రాసే పని అద్దాలాయనది. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ ఉద్యోగం ఇచ్చారు. నాలుగో గీత మీద ఎప్పుడూ 'మావయ్య', అయిదో గీత మీద కొన్నేళ్లుగా 'అమ్మాయి'.

ఈ చలికాలం మొదట్లోనే బావ పోయాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆఖరి రోజున ఆసుపత్రి మంచం మీద అద్దాలాయన చెయ్యి పట్టుకుని, మాటకి మాటకి మధ్య ఆయాసపడుతూ, "పలక మీంచి... నా పేరు... తియ్యకు బావా" అన్నాడు. అద్దాలాయన తియ్యనని మాటిచ్చాడు. చనిపోయే మనిషి అడిగితే ఎవరైనా అదే అంటారు.

తర్వాతి ఆదివారం నాలుగో గీత మీద 'మావయ్య' అని రాశాడు. డ్రమ్మరు ఆ పేరు చదివి పిలిచాడు. వేదిక మీద ఎవరూ లేరు. ముప్పై రెండు బార్లు తాళం ఒక్కటే నడిచింది. సెల్లార్లో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. అది బాగుందని ప్రతి ఆదివారం అలాగే చేశారు. ఆ వెంటనే అమ్మాయి లేచి మావయ్య ట్రంపెట్టే వాయించేది. పోయేముందు ఆయనే దాన్ని పిల్ల చేతిలో పెట్టాడు.

ఆరో ఆదివారం అమ్మాయి సగంలో ఆగిపోయింది.

ట్రంపెట్ దించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పెదాలు పాలిపోయాయి. "ఏం లేదు నాన్నా, చలికి" అంది. మర్నాడు డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. కానీ నాలుగంతస్తుల మెట్లు ఎక్కటానికి పిల్ల మూడుచోట్ల కూర్చుంటోంది. ఇరవై మూడేళ్ల పిల్ల.

అద్దాలాయనకి ఒక అలవాటుంది. ప్రతి ఆదివారం వాయించినదంతా చిన్న రికార్డర్లో పట్టుకుని, వారమంతా పని చేసుకుంటూ వింటాడు. ఆ బుధవారం అద్దం సానబెడుతూ ఆరో ఆదివారం పాట విన్నాడు. ఖాళీ రౌండు వచ్చింది. తాళం నడుస్తోంది. మధ్యలో ఏదో వినిపించింది.

సాన మిషను ఆపాడు. రికార్డరు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

ఫూ... ఫూ... ఫూ...

చలికాలంలో ట్రంపెట్ చల్లబడిపోతుంది. అందుకని వాయించేముందు శబ్దం రాకుండా దాంట్లోకి వెచ్చటి ఊపిరి ఊదుతారు. బావ ఎప్పుడూ మూడుసార్లు ఊదేవాడు. మూడోసారి పంటి సందులోంచి సన్నటి ఈల వచ్చేది.

ఇందులోనూ వచ్చింది.

అద్దాలాయన పాతవన్నీ తీశాడు. మిల్లీమీటరులో పదో వంతు తేడా పట్టుకునే మనిషి ఆయన. ఆరు ఆదివారాలూ వరసగా విని బార్లు లెక్కపెట్టాడు. మొదటి రెండు వారాలు ఖాళీ రౌండు నిజంగా ఖాళీయే, అమ్మాయి ముప్పై రెండూ వాయించింది. మూడో వారం ఆ ఊపిరి చివర రెండు బార్లు వినిపించింది, అమ్మాయి ముప్పైలో ఆపేసింది. నాలుగో వారం ఊపిరి నాలుగు బార్లు, అయిదో వారం ఎనిమిది. మొన్న పదహారు. అక్కడ ఎంత పెరిగితే ఇక్కడ అంత తరిగింది.

వచ్చే ఆదివారం ముప్పై రెండు. ఇక పిల్లకి మిగిలేది ఏమీ లేదు.

ఆ సాయంత్రం భార్యని కూర్చోబెట్టి వినిపించాడు. ఆవిడ భయపడుతుందనుకున్నాడు. ఆవిడ ముఖం విప్పారింది.

"ఇది మా అన్నయ్యేనండీ."

"నీకూ అలాగే..."

"మళ్లీ పెట్టండి."

మళ్లీ పెట్టాడు. ఆవిడ రికార్డర్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. "పన్ను కట్టించుకోమని ఎన్నిసార్లు పోరానో" అంది నవ్వుతూ. ఆయన లెక్కంతా చెప్పాడు. ఆవిడ వినిపించుకోలేదు. "మా అన్నయ్య దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు. దానికి చెడు చేస్తాడా? మీరు మాటిచ్చారు. ఆ పేరు చెరిపితే నేను ఊరుకోను."

అప్పుడే మెట్ల మీంచి చప్పుడు వినిపించింది. అమ్మాయి ఎక్కి వస్తోంది. రెండు మెట్లు... ఆగింది. ఒక మెట్టు... ఆగింది. తలుపు అవతలే ఊపిరి తీస్తోంది, మధ్య మధ్య సన్నగా ఈల వేస్తున్నట్టు. ఆవిడ చేతిలో రికార్డరు ఇంకా తిరుగుతూనే ఉంది. తలుపు అవతలిదీ, రికార్డర్లోదీ ఒక్కసారే లేచాయి. ఒక్కసారే ఆగాయి.

భార్య రికార్డరు బల్ల మీద పెట్టేసి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"చెరిపెయ్యండి" అంది మెల్లగా.

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. పిల్లని ఇంట్లో ఉంచుదామా అనుకున్నారు గానీ, ఇంట్లో కూర్చుంటే తిరిగొచ్చే ఊపిరైతే ఈ వారంలోనే వచ్చేది. బస్సులో అమ్మాయి తల్లి భుజం మీద తల వాల్చి పడుకుంది. ట్రంపెట్ పెట్టె ఒళ్లో ఉంది. దాన్ని వదలనంది.

అద్దాలాయన తడిగుడ్డతో పలక తుడిచాడు. ఒకటి, రెండు, మూడు గీతల మీద పేర్లు రాసి వెనక్కి జరిగి చూశాడు. పలక ఆరేకొద్దీ నాలుగో గీత మీద అక్షరాలు పైకి తేలుతున్నాయి. 'మావయ్య.' ఇంకోసారి తుడిచాడు. ఆరగానే మళ్లీ తేలాయి. ఇరవై ఏళ్లు ఒకే చోట ఒకే పేరు రాస్తే రాయికి మాత్రం మరక పట్టదా అని తనకి తనే చెప్పుకున్నాడు.

పేరు పోదు. అయితే ఆ పేరు మీద ఇంకో పేరు రాయొచ్చు. ఆ రౌండులో ఎవరైనా అక్కడ నిలబడి ఉంటే అది ఖాళీ రౌండు కాదు.

సుద్దముక్క గట్టిగా నొక్కి తన పేరు రాశాడు.

డ్రమ్మరు నాలుగో పేరు చదివి కళ్లు చిట్లించాడు. "అద్దాలాయనా? ఏం వాయిస్తావయ్యా నువ్వు?" జనం నవ్వారు. ఆయన కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని వేదిక ఎక్కాడు. పైన గాజు పలకలు నల్లబడ్డాయి. తాళం మొదలైంది.

ఒకటి. రెండు. మూడు.

ఏమీ లేదు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పది. పదకొండు. హీటరు టిక్కుటిక్కుమంటోంది. పదిహేను.

పిప్పరమెంటు వాసన వచ్చింది.

వీపు వెనక, చాలా దగ్గర్లో... ఫూ... ఫూ... ఫూ... మెడ మీది వెంట్రుకలు కదిలాయి. ఆ ఊపిరి చల్లగా ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు.

"జరుగు బావా..."

ఆయన జరగలేదు. ఇరవై. ఇరవై ఒకటి.

"నా వంతు..."

"అయిపోయింది బావా" అన్నాడు పెదాలు కదపకుండా. ఈ మనిషంటే ఆయనకి ప్రాణం. "దాన్ని వదిలెయ్. నీ చేతుల్లో పెరిగిన పిల్ల."

ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది...

"మరి...?"

ఆ ఒక్క మాటే. పిల్లది కాకపోతే మరి ఎవరిదని అడుగుతున్నాడని అద్దాలాయనకి తెలుసు. జనంలో అమ్మాయి లేవటానికి కుర్చీ పట్టుకుంటోంది. ముప్పై ఒకటి. ఆయన తల ఊపాడో లేదో ఆయనకే గుర్తులేదు. పెదాలకి ఏదో ఇత్తడిలాంటిది చల్లగా తగిలినట్టయింది. ముప్పై రెండు.

ఆయన దిగి భార్య పక్కన కూర్చున్నాడు. అమ్మాయి వేదిక ఎక్కి ట్రంపెట్ ఎత్తింది. మొదటి స్వరం సన్నగా వచ్చింది. రెండోది నిలబడింది. ఎనిమిదో బారుకి మెడ నిటారుగా లేచింది. పదహారు దాటింది. భార్య ఆయన చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. ఇరవై నాలుగు. ముప్పై. ముప్పై రెండు. అమ్మాయి ట్రంపెట్ దించి, ముఖం ఎర్రబడి, నోరారా నవ్వింది. అద్దాలాయన చప్పట్లు కూడా కొట్టలేకపోయాడు. అంతగా ఏడ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు వీధి గడ్డకట్టిపోయి ఉంది. తల్లీకూతుళ్లు ఎడతెరిపి లేకుండా మాట్లాడుకుంటుంటే వాళ్ల నోళ్లలోంచి ఆవిరి పొగలు పొగలుగా లేచింది. ఆయన మూతిదాకా మఫ్లరు చుట్టుకుని వెనక నడిచాడు.

సోమవారం పొద్దున్న షాపులో మొదటి అద్దం తయారైంది. వెలుతురుకేసి పట్టుకుని "హా" అన్నాడు. అద్దం అలాగే ఉంది. హీటరు వేడి ఎక్కువైందనుకుని, కిటికీ తెరిచి, అద్దాన్ని చలిలో పెట్టి మళ్లీ దగ్గరకి తెచ్చుకున్నాడు. "హా." తుడిచినట్టే ఉంది. ఇంకాస్త దగ్గర పెట్టుకున్నాడు. "హా... హా..." చుక్క ఆవిరి లేదు.

ఫోను మోగింది. భార్య. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఏమండీ, అమ్మాయి నాలుగంతస్తులూ పరిగెత్తుకుంటూ ఎక్కిందండీ. కింద మర్చిపోయిన గొడుగు కోసం మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. ఒక్కచోట కూర్చోలేదు. వింటున్నారా?"

ఆయన వింటున్నాడు. చేతిలో అద్దానికి అవతలివైపు, గోడ తప్ప ఏమీ లేని వైపు, చిన్న బిళ్లంత ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది. పోయింది. మూడోసారి పట్టి, అలాగే నిలిచిపోయింది.

ఫోన్లో భార్య మాటలు ఆగిపోయాయి. నెమ్మదిగా అడిగింది.

"ఏంటండీ... అచ్చం మా అన్నయ్యలా ఊదుతున్నారు?"

ఆయన ఇంకా నోరు తెరవలేదు.