సబ్బుల ఫ్యాక్టరీ బావిలో మొరిగేది

సబ్బుల ఫ్యాక్టరీ వెనక ఉన్న బావికి ఊళ్లో మంచి పేరు లేదు. యుద్ధంలో మూతపడ్డ ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోలేదు. చీకటి పడితే ఆ గోడ పక్కకు ఎవరూ పోరు. తిట్టుకుంటూ పెద్దరోడ్డు చుట్టి ఇళ్లకు చేరతారు. బావిలో ఏదో మొరుగుతుందట. కుక్కా అంటే కుక్క కాదు... మనిషా అంటే ఆ మాట ఎవరికీ అర్థం కాదు.

లాడ్జి నడిపే ముసలమ్మ ఇదంతా చెప్పి, గొంతు తగ్గించి ఆ అరుపు కూడా అరిచి చూపించింది.

"బ్వా... బ్వా..."

దెయ్యాలకు మొరగడం కూడా వచ్చన్నమాట, అన్నాడు ఆ లాడ్జిలో దిగిన రిటైరైన సుబేదారు. నవ్వలేదు. ఆ ఊళ్లో దిగినప్పటి నుంచీ ఆయన ముఖం చిటపటలాడుతూనే ఉంది.

ఎందుకుండదు! దాని వెనక పాత సంగతి ఒకటి ఉంది. కుర్రతనంలో ఆయనా, చెల్లెలి మొగుడూ ఒకే దళంలో ఈ పరాయి దేశం వచ్చి యుద్ధం చేశారు. ఫ్యాక్టరీ యజమాని పారిపోతూ వదిలేసిన బంగారం పెట్టె ఇద్దరి కంటా పడింది. తర్వాత వచ్చి తీసుకోవచ్చని, బావి గోడలో ఉన్న గూట్లో దాచేద్దామనుకున్నారు. చెల్లెలి మొగుడు పెట్టెను వీపుకు కట్టుకుని ఇనప మెట్ల మీద దిగాడు. సుబేదారు పైన కాపలా ఉన్నాడు. అంతలో కాల్పులు మొదలయ్యాయి... సుబేదారు పరుగెత్తి కందకంలో పడ్డాడు. వెనకే వస్తాడనుకున్న మనిషి రాలేదు.

తెల్లారకముందే దళం ఊరు వదిలేసింది. ఆఫీసర్లు 'పారిపోయాడు' అని రాసుకున్నారు. పెట్టెతో సహా పారిపోయాడని సుబేదారు నమ్మాడు.

ముప్పై ఏళ్లు తిట్టాడు. కంచం ముందు కూర్చుని తిట్టాడు, నిద్రలో లేచి తిట్టాడు. చెల్లెలు మాత్రం ఒకటే మాట అనేది.

"ఆయన అలాంటివాడు కాదన్నయ్యా."

ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండిపోయేది. దొంగవెధవ కోసం తన చెల్లెలు జీవితమంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలా? ఖాళీ గూటిని ఫోటో తీసి చెల్లెలి కళ్ల ముందు పెడితే ఆ ఆశ చచ్చిపోతుంది. అందుకే వచ్చాడు.

పగలు గేటు దగ్గర కాపలావాడు ఉంటాడు. చీకటి పడగానే అందరికన్నా ముందు ఇంటికి పరుగెత్తేదీ వాడే. వాడు వెళ్లేదాకా ఆగి, సుబేదారు గోడ దూకాడు. నడుముకు తాడు కట్టుకుని, టార్చి నోట కరుచుకుని, తిట్లన్నీ మనసులో నెమరేసుకుంటూ బావిలోకి దిగాడు.

గూటికి కాస్త పైన ఒక మెట్టు లేదు. విరిగిన ఇనుము గోడలోంచి పొడుచుకొచ్చి ఉంది.

గూట్లోకి టార్చి కొట్టాడు.

పెట్టె ఉంది.

తాళం వేసినట్టే ఉంది. తుప్పు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే దాచడం దాచాడు... పైకి ఎక్కబోయాడు... మెట్టు విరిగింది...

టార్చి కిందికి తిప్పాడు. ఎండిపోయిన బురదలో ఒక బూటు. బూటులో కాలి ఎముక.

ఇన్నేళ్లు కూడబెట్టిన తిట్లన్నీ అప్పుడు బయటికొచ్చాయి. దొంగవెధవా, ద్రోహీ, సిగ్గులేనివాడా — అన్నీ తనకే. చెల్లెలు చెబుతూనే ఉంది, విన్నాడా? ఆ రాత్రి పరుగెత్తేముందు ఒక్కసారి వంగి చూశాడా? కోపంతో ఆయన పిడికిలి గోడకేసి బాదుకున్నాడు.

అప్పుడు వినిపించింది. కింద నుంచి... నీరసంగా... మొరుగుడు కానే కాదు. ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాని ఆ మాట ఆయనకు అర్థమైంది.

"బావా..."

సుబేదారు కిందికి వంగాడు. "వచ్చాను" అని గొణిగాడు.

తాడు కిర్రుమంది. తర్వాత ఆయన కాళ్ల కిందే, ఒకప్పుడు కాపలా డ్యూటీ మారడానికి తాను ఆలస్యంగా వస్తే విసుక్కునే గొంతే, కోపంగా అడిగింది.

"ఇంతసేపా, బావా?"