మూడో గాస్కెట్

ఆదివారం ఉదయం ఏడు కాకముందే పెద్దాయన షెడ్డులో చేతులు కడుక్కుంటున్నాడు. నలభై ఏళ్ళు మెకానిక్‌గా బతికిన మనిషి. ఇంజను దగ్గర చెవి పెడితే చాలు, దాని నొప్పి ఎక్కడో చెప్పేస్తాడని పేరు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పేషెంటు ఒక్కటే, పెళ్ళయిన ఏడాది కొన్న పాత కారు.

ఆ కారు ఆరు వారాలుగా ఆయనను ముప్పుతిప్పలు పెడుతోంది. ఇంజనులోంచి వచ్చే పొగను సైలెన్సరు దాకా మోసే గొట్టాల గుత్తిని హెడర్ అంటారు. అది ఇంజనుకు అతుక్కునే చోట లీకు. అక్కడి సందు పూడ్చే గాస్కెట్లు రెండు మార్చినా ఆగలేదు. నిన్న మూడోది వేశాడు. ఇప్పుడే స్టార్ట్ చేసి, చెవి రిక్కించి విన్నాడు. లీకు చప్పుడేమీ వినపడలేదు.

"ఏమేవ్, తయారవ్వు! మీ చెల్లెలి ఇంటికి వెళ్దాం," అని వంటింటి వైపు కేకేశాడు.

భార్య గుమ్మంలోకి వచ్చి నవ్వింది. చెల్లెలి ఇల్లు మూడు గంటల దారి. పోయిన నెల బయల్దేరి, ఆవిడకు తలనొప్పి రావడంతో సగం దారిలోంచి తిరిగొచ్చేశారు.

ఆవిడ వెనకే కోడలు కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వచ్చింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే ఉద్యోగం ఆ అమ్మాయిది. రెండడుగులు వేసి ఆగిపోయి, గొంతు పెంచింది.

"మామయ్యా, ఇంకా లీకవుతోందండీ."

"ఎక్కడ?"

"ఇంజను వెనకవైపు. టిక్కు టిక్కుమంటోంది."

"నీకు జనం చేత క్లచ్ తొక్కించడం తెలుసు. ఇంజను సంగతి నాకొదిలెయ్ అమ్మాయ్."

రోజూ అయితే ఆ మాటకు కోడలు ఫక్కున నవ్వేది. ఇవాళ నవ్వలేదు. కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇంజను ఆపి, తాళం గుప్పిట్లో పెట్టుకుంది.

"అత్తయ్యను ఇందులో ఎక్కనివ్వనండీ. ఆ తలనొప్పి ఊరికే వచ్చిందనుకుంటున్నారా? ఈ పొగే లోపలికొచ్చింది."

"తాళం ఇటివ్వు."

"ఇవ్వను."

నోట్లో బ్రష్షుతో కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి నాన్నా ఈ గోల?"

"నీ పెళ్ళాం నాకు పని నేర్పుతోందిరా!"

"పని మీకు తెలుసు మామయ్యా. మీకు వినపడట్లేదు, అంతే!"

కొడుకు చేతిలో బ్రష్షు ఆగిపోయింది. పెద్దాయన గుడ్డతో చేతులు తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా పెరట్లోకి వెళ్ళి, బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

ఆయనకు తెలియనిదేం కాదు. ఏడాదిగా కాలింగ్ బెల్లు మోగినా తెలియడం లేదు. ఫోనులో ఎవరేమన్నా "ఊఁ, ఊఁ" అని నెట్టుకొస్తున్నాడు. ఒప్పుకుంటే తనలో ఇంకేం మిగలదని భయం.

భార్య వచ్చి పక్కన నిలబడింది. "రెండేళ్ళుగా మీకు కుడివైపే కూర్చుంటున్నాను. ఎందుకనుకున్నారు? మీతో అరిచి మాట్లాడే గొంతు విని పక్కింటావిడ నన్ను గయ్యాళి కింద జమకట్టేసింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెవితోనే బతికిన మనిషికి ఏమని చెప్పనండీ?"

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. కోడలు అడ్డుపడకపోతే ఈపాటికి ఈ మనిషి ఆ కారులో, ఆ పొగలో కూర్చుని ఉండేది. తలనొప్పి వచ్చినా ఈసారి పైకి చెప్పకుండా, ఆయన సరదా చెడగొట్టడం ఇష్టం లేక.

"నా పరువు కోసం నీ ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణి," అన్నాడు.

షెడ్డులో కోడలు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నోరు జారానండీ మామయ్యా."

"జారలేదు. నాకు చెప్పాల్సింది చెప్పావు. రా, ఎక్కడో చూపించు."

ఇంజను మళ్ళీ స్టార్ట్ చేశారు. రబ్బరు గొట్టం ఒక కొస కోడలి చెవి దగ్గర పెట్టించి, రెండో కొసను ఆయన హెడర్ పొడుగునా మెల్లగా జరిపాడు.

"ఇక్కడండీ! నాలుగో గొట్టం కింద!" కోడలు ఆయన కుడి చెవిలో అరిచింది.

ఇంజను చల్లారాక హెడర్ విప్పి, ఇంజనుకు అతుక్కునే ముఖం మీద స్టీలు స్కేలు ఆనించాడు. నాలుగో గొట్టం దగ్గర స్కేలు కింది నుంచి వెలుతురు సన్నని గీతలా కనిపించింది. వేడికి హెడరే వంగిపోయింది. ఎన్ని గాస్కెట్లు వేసినా ఆ సందు పూడదు.

"పాపం, ఊరికే గాస్కెట్లను తిట్టానమ్మాయ్. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఈ స్కేలు మొదటి రోజే పెట్టాల్సింది."

సోమవారం లేతు షాపులో ఆ ముఖాన్ని చదును చేయించాడు. మంగళవారం మామా కోడళ్ళిద్దరూ కలిసి కొత్త గాస్కెట్‌తో బిగించారు. నట్లు మధ్య నుంచి చివరలకు, కొంచెం కొంచెంగా. ఒకసారి వేడెక్కించి, చల్లారాక మళ్ళీ. ఇంజను చల్లగా ఉన్నప్పుడే లీకు బాగా వినపడుతుంది కాబట్టి బుధవారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ షెడ్డులో చేరారు.

కొడుకు స్టార్ట్ చేశాడు. పెద్దాయన ఇంజను మీదికి వంగలేదు. కోడలి ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని వింది. వంగి మరోసారి వింది.

"లేదండీ మామయ్యా. టిక్కుమనే చప్పుడే లేదు."

"సరిగ్గా విన్నావా?"

"విన్నానండీ. ఒట్టు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఆదివారం మీ చెల్లెలింటికి. ఈలోగా చెవుల డాక్టరు ఎవరున్నారో కనుక్కోవాలి."

"ఇవాళ పదకొండింటికి టైమిచ్చారండీ. నిన్ననే మాట్లాడాను," అంది కోడలు.

"నన్నడగకుండానే?"

"అడిగితే మీకు వినపడేదా?"

కొడుకు భయంగా తండ్రి వైపు చూశాడు. అందరికంటే ముందు నవ్వింది పెద్దాయనే. నవ్వుతూ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.