ఛాయాబరిలో చేతిపట్టు

రొంగలి గౌరునాయుడు పట్టిన చెయ్యి వదలడని భీమిలి నుంచి తగరపువలస దాకా అందరూ అనేవారు. అలా అన్నవాళ్ళెవరికీ ఏమీ పోలేదు. ఆ మాట నమ్మి చెయ్యిచ్చినవాడు గంటా పైడిరాజు ఒక్కడే. మునిగినవాడూ అతనొక్కడే.

2076 నాటి సంగతి ఇది. అప్పటికి భీమిలి తీరంలో వేటకు మనుషులు వెళ్ళడం మానేశారు. పడవలు వాటంతటవే బయల్దేరి, వలలు వేసుకుని, మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చి చేపల్ని రకాలవారీగా గుట్టలు పోసేవి. సరుకును ఆకాశంలోకి ఎక్కించే తాడు ఒకటి కడతామని, దానికి గగన రేవు అని పేరు పెట్టి, తగరపువలస దగ్గర కొలతలు వేస్తున్నారు. మనుషులకు పని తక్కువై తీరిక ఎక్కువైంది. అందుకే కబడ్డీకి అంత గిరాకీ. ఆ ఒక్క ఆటలో మాత్రం మరమనుషుల్ని దింపకూడదని చట్టం ఉండేది. ఊపిరి బిగబట్టి కూత పెట్టాలంటే ముందు ఊపిరంటూ ఉండాలి కదా!

పైడిరాజు, గౌరునాయుడు కలిసి నడిపే జట్టు పేరు గోస్తనీ గద్దలు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే జట్టుకు ఎడమవైపు కాపు కాసేవారు. ఆటగాళ్ళు చెయిను అంటారే, ఆ పట్టు వాళ్ళది. ఇద్దరు చేతులు కలుపుకుని నిలబడతారు. కూతకొచ్చినవాడి మీంచి కళ్ళు తిప్పకూడదు గనక ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెప్పుకునేదంతా చేతులతోనే.

అందులో వీళ్ళదో కిటుకు ఉండేది. గౌరునాయుడు నోటితో "వద్దు, ఆగరా, ఆగు!" అని గట్టిగా అరిచేవాడు. అది విని కూతగాడు ధీమాగా ఇంకో అడుగు లోపలికి వేసేవాడు. సరిగ్గా అప్పుడు గౌరునాయుడు పైడిరాజు అరచేతిని ఒక్క నొక్కు నొక్కేవాడు. నొక్కాడంటే దూకమని. నోరు చెప్పేది అబద్ధం, చెయ్యి చెప్పేది నిజం. పైడిరాజు ఆలోచించేవాడు కాదు. ఒళ్ళే దూకేది.

పైడిరాజు మనిషి పొట్టి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి మరీ ఆటలోకి వచ్చినా, "నీకు కూతేట్రా, చెయిను కొస పట్టుకో" అని పెద్దలు అతన్ని ఒక్కనాడూ కూతకు పంపలేదు. ఆ కోరిక తీరకుండానే మోకాళ్ళు అరిగిపోయాయి.

అలాంటివాడి దగ్గరికి నాగావళి జట్టువాళ్ళు బేరం తెచ్చారు. తమ కూతగాడు కిల్లో సోమన్నను ఇస్తామన్నారు. అరకు కుర్రాడు. అయిదడుగుల మూడంగుళాలు. కాలు కదిపాడంటే ఎటు వెళ్ళాడో వెళ్ళాక గానీ తెలియదు. బదులుగా గద్దల జట్టులోని ఆరడుగుల ధనుంజయ్‌ని ఇవ్వాలి. పైన తేడా కింద ఇంకా ఇవ్వాలి.

"మనకీ పొట్టోడొద్దురా పైడీ," అన్నాడు గౌరునాయుడు, ఆట మైదానం పక్కన టీ కొట్టు దగ్గర. "ధనుంజయ్ గాడు నలుగుర్ని ఈడ్చుకుని గీత దాటేత్తాడు. ఈ సోమన్న మడమ ఒక్కడికి సిక్కిందంటే ఆట సరి."

"సిక్కాలి గదేటి బావా ముందు!"

"నీకు వాడిలో నువ్వు అవుపడతన్నావు. అదీ నీ బాధ."

"అవుపడితే ఏటి తప్పు? నన్నెలాగూ ఎవడూ పంపలేదు. వాడినైనా పంపుదాం."

"పంపుతావు, పంపుతావు. జట్టు పెట్టిలో ఈగలు తోలుకుంటన్నాం. తేడా ఎవడు కడతాడు, నీ తాతా?"

టీ కొట్టువాడు కూడా నవ్వాడు. పైడిరాజుకు మండింది. "అయితే యామినమ్మ యంత్రాన్నే అడుగుదాం రా," అన్నాడు.

యామినమ్మ అంటే డాక్టర్ పసుపులేటి యామిని. ఆమె తయారుచేసిన యంత్రం పేరు ఛాయాబరి. ఆటగాడు కొన్నాళ్ళపాటు నాడితొడుగు అనే పల్చటి చొక్కా వేసుకుని తిరగాలి. మనం చెయ్యి ఎత్తాలనుకోగానే, చెయ్యి లేచేలోపే, నరాల్లో ఒక సంకేతం బయల్దేరుతుంది. తొడుగులోని సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. అలాంటి సంకేతాలు లక్షలుగా పోగయ్యాక, ఆ మనిషి ఎప్పుడు ఏం చేస్తాడో తెలిసిన న్యూరల్ నమూనా ఒకటి తయారవుతుంది. దానికి ఆమె పెట్టిన పేరు ఛాయ. వెలుతురు నేల మీద ఛాయల్ని నిలబెట్టి, ఇంకా జరగని ఆటల్ని ముందే ఆడించవచ్చు. ఎముక ఎక్కడ అలిసిపోతుందో, కోపం ఎప్పుడొస్తుందో అన్నీ ఛాయకు తెలుసు.

యంత్రం కొత్తలో యామినికి పట్టు మెళకువలు నేర్పినవాడు పైడిరాజే. నెలల తరబడి తొడుగు వేసుకున్నాడు. "మ్యాటు మీద ఒక్కటే చాలదు పైడిరాజు గారూ, మీ స్వభావం కూడా దానికి తెలియాలి," అని ఆమె అంటే, భోజనం దగ్గరా, టీ కొట్టు దగ్గర తగువుల్లోనూ తొడుగు విప్పలేదు. తన నీడ ఒక పెద్ద యంత్రంలో ఉందని ఊరందరికీ చెప్పుకున్నాడు. గౌరునాయుడు మాత్రం ఒళ్ళు దురదంటూ ఒక్కరోజూ వేసుకోలేదు.

నాగావళివాళ్ళు పంపిన సోమన్న ఛాయను గద్దల ఛాయలతో కలిపి ఆడించారు. మొదటి ఆటలో ఆ చిన్న వెలుగు ఏడుగురి మధ్య నుంచి జారిపోయి గీత ముట్టుకుంది. రెండో ఆటలో, వాలిన చెయిను కింద నుంచి దూరి వచ్చేసింది. మూడో ఆట అయ్యేసరికి పైడిరాజు కళ్ళు చెమర్చాయి.

"సూసావా బావా!"

"సూసాన్లే. ఇక ఆపండమ్మా, కరెంటు దండగ," అన్నాడు గౌరునాయుడు. యామిని ఆపేసింది.

ఒప్పందానికి నాగావళివాళ్ళు వచ్చారు. తేడా కింద తగరపువలస రోడ్డు వారనున్న పైడిరాజు భూమి అడిగారు. పైడిరాజు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అతనికున్నది అదొక్కటే. వేలిముద్ర పలక తెచ్చి బల్ల మీద పెట్టారు.

"వద్దురా పైడీ," అన్నాడు గౌరునాయుడు అందరికీ వినపడేలా. "ఆగు. నా మాటిను, వద్దు!"

అంటూనే బల్ల కింద పైడిరాజు ఎడమ చెయ్యి అందుకుని, అరచేతిలో ఒక్క నొక్కు నొక్కాడు.

పైడిరాజు మనసు తేలికైపోయింది. బావ ఎదుటివాళ్ళని ఏమార్చడానికి వద్దంటున్నాడు, లోపల సరేనంటున్నాడు, రేపు నష్టమొచ్చినా సగం పంచుకుంటాడు. ఇంత లెక్కా తర్వాత వేసుకున్నదే. నొక్కీ నొక్కగానే బొటనవేలు పలక మీదికి దూకింది.

సోమన్న వచ్చాడు. మూడు ఆటల్లో జనం కుర్చీల మీద నిలబడి చూశారు. నాలుగో ఆటలో కూత పెట్టి, ఎడమకాలి మీద గిరుక్కున తిరగబోయి కుప్పకూలాడు. ఎవరూ పట్టుకోలేదు. మోకాల్లో లిగమెంటే తెగింది.

ఆసుపత్రిలో ఆ కుర్రాడు పైడిరాజుని చూడలేక గోడవైపు తిరిగాడు.

"నొప్పి ముందే ఉంది గురువుగారూ. ఆ పెద్దసారుతో సెప్పినాను. పైడిరాజుకి నేను సెప్తాన్లే, నువ్వు ఆడు అన్నారు."

"ఏ పెద్దసారు?"

"గౌరునాయుడు సారు. బేరానికి ముందే మా ఊరొచ్చినారు గదా."

పైడిరాజు ఆ కాళ్ళతోనే గౌరునాయుడి ఇంటికి వెళ్ళాడు. అప్పటికి గౌరునాయుడు జట్టులోంచి తప్పుకుని వారమైంది. ధనుంజయ్ లాంటి గట్టివాడిని చవగ్గా ఇప్పించినందుకు నాగావళివాళ్ళు ఆ భూమిని గౌరునాయుడి అల్లుడి పేర రాసిచ్చారు. గగన రేవుకు వేసిన కొలతల గీత సరిగ్గా దాని అంచునే పోతోంది.

"పదిమందిలో వద్దన్నానా లేదా?" అన్నాడు గౌరునాయుడు అరుగు మీంచి లేవకుండా. "ఎవర్నైనా అడుగు. ఆగమన్నాను. ఇన్నావా?"

"సెయ్యి నొక్కావు బావా."

"ఏ సెయ్యి? ఎవడు సూసాడు?"

ఎవడూ చూడలేదు. చెయిను పట్టులో చెయ్యి ఎవరికీ కనపడకూడదు. ఆ సంగతి వాళ్ళిద్దరూ కలిసి నేర్చుకున్నదే.

అక్కణ్ణుంచి ఛాయాబరి గదికి వచ్చాడు పైడిరాజు. గౌరునాయుడు తప్పుకున్నాక యంత్రం అద్దె ఒప్పందం పైడిరాజు పేరుకు మారింది. దాంతో జట్టు తరఫున వేసిన పాత ప్రశ్నలన్నీ అతనికి చూసే హక్కు వచ్చింది. యామినికి ఏమీ తెలియదు. అతని మొహం చూసి మంచినీళ్ళు ఇచ్చింది.

"ఛాయాబరీ," అన్నాడు పైడిరాజు, "మా బావ నిన్నేటి అడిగాడు?"

యంత్రం గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "సోమన్న ఛాయను చివరి ఆట దాకా ఆడించమన్నారు. నాలుగో ఆటలో మోకాలు తెగుతుందని చెప్పాను. తర్వాత మీ ఛాయను అడిగారు."

"నా నీడతో ఏటి పని?"

"మీ చేత భూమి ఇప్పించాలంటే ఏం చెయ్యాలని అడిగారు. బతిమాలితే మీరు ఇవ్వలేదు. డబ్బు ఆశ పెడితే ఇవ్వలేదు. సోమన్నని వద్దని వాదిస్తే మొగ్గారు గానీ, భూమి దగ్గర ఆగిపోయారు. నోటితో వద్దంటూ అరచెయ్యి నొక్కినప్పుడు మాత్రం ఇచ్చారు."

యామిని కుర్చీలో కూలబడింది. "ఆటలో ప్రత్యర్థి ఎక్కడ ఏమరుతాడో తెలుసుకోవడానికి చేశాను దీన్ని," అంది చిన్నగా.

"అందుకే వాడాడమ్మా," అన్నాడు పైడిరాజు. "ఆ ప్రత్యర్థి నేనేననుకోలేదు, అంతే." మళ్ళీ యంత్రంవైపు తిరిగాడు. "ఒక్కసారైనా ఇవ్వకుండా ఆగానా?"

"పదివేల సార్లు ఆడించాను. ఆగలేదు."

"పోనీ బావ నీడని ఆడించు. నొక్కబోయి, మనసొప్పక ఒక్కసారైనా ఆగుతాడేమో సూద్దాం."

"ఆయన తొడుగు వేసుకోలేదు. ఆయన ఛాయ నా దగ్గర లేదు."

పైడిరాజు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "అయితే నా నీడకి ముందే అన్నీ సెప్పీ. మోకాలు తెగుద్దని సెప్పు. భూమి బావ పాలవుద్దని సెప్పు. ఆ నొక్కు మోసమని సెప్పు. సెప్పి, అప్పుడు ఆడించు."

"పైడిరాజు గారూ, ఎందుకండీ ఇప్పుడు?" అంది యామిని.

"రేపు ఇంకొకడు సెయ్యి పట్టుకుంటే ఆగుతానో లేదో తెలవాలి కదమ్మా."

వెలుతురు నేల మీద బల్ల వచ్చింది. ఒక పొట్టి నీడ వచ్చి కూర్చుంది. దానికి అంతా తెలుసు. తెలిసినట్టే భుజాలు వంగి ఉన్నాయి. కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, రెండు మోకాళ్ళ మధ్య గట్టిగా బిగించుకుంది. మొహం లేని చెయ్యి ఒకటి బల్ల కింద నుంచి వచ్చి దాని ఎడమ అరచేతిని పట్టుకుంది. వద్దు, ఆగు అంది ఎవరిదో గొంతు. చెయ్యి నొక్కింది.

పొట్టి నీడ బొటనవేలు పలక మీదికి దూకింది.

"మళ్ళీ," అన్నాడు పైడిరాజు.

మళ్ళీ దూకింది.

"మళ్ళీ."

"ఫలితం మారదు," అంది ఛాయాబరి. "తెలియడం వేరే చోట జరుగుతోంది. చెయ్యి దాకా రావడం లేదు."

పైడిరాజు తన ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు. గౌరునాయుడి వేళ్ళు ఒత్తుకుని ఒత్తుకుని గట్టిపడిన చోటు మాత్రం ఉంది. ఆ చెయ్యిని లుంగీకి తుడుచుకుని లేచాడు.

పోయింది తగరపువలస రోడ్డు వార, గగన రేవు గీతకు ఆనుకుని, ఎకరా డెబ్బై రెండు సెంట్లు.