ఉప్పు చల్లిన రహదారి

నవంబరు చివరి వారం... సాయంత్రం ఐదున్నర! అప్పటికే మిషిగన్ ఆకాశాన్ని కాటుక చీకటి కమ్మేసింది. ఫ్లింట్ పట్టణానికి ఉత్తరాన, కోతలైపోయిన మొక్కజొన్న చేల మీద మంచు కురుస్తూ ఉండగానే ఉరుము ఉరిమింది. మంచులో ఉరుము... ఏ పదేళ్ళకో ఒకసారి వినిపించే ఆ వికృత ఘోషకు, లైమన్ ట్రాస్క్ కొట్టం చూరు మీది గుడ్లగూబ కూడా రెక్కలు ముడుచుకుని ఒదిగిపోయింది.

ఆ కొట్టం ముందు ట్రక్కు ఆపి దిగింది వెరోనికా జెలిన్‌స్కీ. అందరూ రోనీ అంటారు. కార్ల కర్మాగారంలో ఇరవై ఏళ్ళుగా తలుపులు బిగిస్తున్న మనిషి, ఎవరికీ జంకదని పేరు. ఆ సాయంత్రం మాత్రం ట్రక్కు తలుపు మూయడం కూడా మరిచిపోయింది. జబ్బుతో పడి ఉన్న చెల్లెలు డార్లా మధ్యాహ్నం మంచం దిగి, చెప్పులైనా లేకుండా, మూడు మైళ్ళు చేల మంచులో నడిచి ఈ కొట్టంలోకి వచ్చింది. రహదారి మీద దిగి దిగి ఆ పాదముద్రలు వెతుక్కుంటూనే రోనీ ఇక్కడికి చేరింది.

అంతా ఆ ఎర్ర కారు వల్లే. అరవై తొమ్మిదిలో నాన్న కొన్న ఎనిమిది సిలిండర్ల బండి. ఆయన పోతూ పోతూ కూతుళ్ళిద్దరికీ దాన్ని అంటగట్టిపోయాడు. చూడ్డానికి సింహం, మేపడానికి ఏనుగు! గ్యాలను తాగి తొమ్మిది మైళ్ళు నడుస్తుంది. ఎండాకాలం సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే రేడియేటర్ బుసలు కొడుతుంది. బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతుంది. ఒక రోగం కుదిరేలోపు ఇంకో రోగం. అక్కచెల్లెళ్ళ ఓవర్‌టైమ్ జీతమంతా దాని పొట్టలోకే పోయేది. అయినా డార్లాకు అదంటే ప్రాణం.

ట్రాస్క్ ఊరందరికీ తెలిసిన మెకానిక్. డెబ్బై దాటినా నలభై ఏళ్ళవాడిలా నిగనిగలాడేవాడు. దుకాణంలో దొరికే కొత్త సరుకు వాడితే బండికి జీవం ఉండదని, ఆ కాలపు అసలు భాగాలే తెచ్చి వేసేవాడు. ప్రతి భాగానికీ మొదటి నట్టు మాత్రం డార్లా చేతే బిగించమనేవాడు. పాత నట్టు బిగుసుకుని రెంచి జారడం, వేలి కణుపు చీరుకుని నెత్తురు చిమ్మడం ఏ షెడ్డులోనైనా ఉండేదే. అందుకే ఆ నెత్తురు బొట్టు ఇనుము మీద పడి ఇంకిపోవడాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రోనీ అయితే నవ్వింది కూడా.

రేడియేటర్ మార్చిన వారానికే డార్లాకు జ్వరం పట్టుకుంది, ఇక దిగలేదు. బ్రేకులు మార్చాక నడిస్తే ఎడమకు తూలసాగింది. కారు బాగుపడుతున్నకొద్దీ ఆమె శిథిలమైపోయింది!

రోనీ తలుపు తోసింది. లోపల చీకట్లో పదకొండు కార్లు, తెల్లటి దుప్పట్లు కప్పుకుని వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానిలోనూ మనిషి లేడు... అయినా పదకొండు ఇంజిన్లూ మెల్లగా గుర్‌ర్‌మంటున్నాయి. ఆ గుర్‌ర్‌మనే చప్పుడు అడుగున సన్నగా స్త్రీల ఏడుపు! బల్ల మీద నల్ల కొవ్వొత్తి పక్కన ఒక కపాలం. దాని నడినెత్తి ఎముకను కోసి చెక్కిన గేరు పిడి, అక్కడే పని చేసుకుంటున్న ట్రాస్క్ చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.

పన్నెండోది ఎర్ర కారు. డార్లా దాని స్టీరింగ్ చక్రం ముందు కూర్చుని ఉంది. కళ్ళు బ్యాటరీ అయిపోతున్న దీపాల్లా పచ్చగా మిణుకుమంటున్నాయి. తెరిచిన నోట్లోంచి పెట్రోలు వాసన. బానెట్ కింద కార్బ్యురేటర్ బిగిస్తున్న ట్రాస్క్ తల తిప్పకుండానే మాట్లాడాడు.

"వచ్చావా రోనీ. మూడు నట్లయ్యాయి, ఒక్కటే మిగిలింది. అదీ బిగిస్తే నీ చెల్లెలికి ఇక జ్వరమే ఉండదు. ఊపిరితోనే పనుండదు."

"దాన్ని వదిలెయ్, ట్రాస్క్."

"నేను పట్టుకుంటేగా వదలడానికి? రెండు చలికాలాలు ఈ బండిని నువ్వే తెచ్చి నా కొట్టంలో పెట్టావు. అద్దె కూడా కట్టావు. ఎన్ని రాత్రులిచ్చావే నాకు, తీరిగ్గా మంత్రం వేసుకోడానికి."

నిజమే... తొలి మంచు పడి రోడ్ల మీద ఉప్పు చల్లగానే, మిషిగన్‌లో పాత కారున్న ప్రతివాడూ చేసే పనే ఆమె చేసింది. ఉప్పు తగిలితే రేకు తుప్పు పడుతుంది. ఏప్రిల్ వానలు రోడ్లు కడిగేదాకా బండిని బయటికి తీయకూడదు. ఆ భయంతోనే తోబుట్టువును తన చేతులారా రాక్షసుడికి అప్పగించింది. ఆ నిజం తెలిసి రోనీకి తన మీద తనకే అసహ్యం వేసింది. కోపంతో ముందుకు అడుగేసింది.

"ఆగు. ఆ బూట్లు విప్పి రా."

ట్రాస్క్ గొంతు మొదటిసారి బెదిరింది. రోనీ కిందికి చూసింది. రహదారి మీది ఉప్పు, మంచుతో కలిసి బూట్ల నుంచి బురదగా కారుతోంది. ఒక చుక్క చిట్లి టైరుకు తగలగానే పక్క కారు ఇంజిన్ ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. దుప్పటి కింద ఏడుపు కూడా ఆగింది. ట్రాస్క్ ముఖం పాలిపోయింది.

ఉప్పుకు భయపడేది రేకొక్కటే కాదు!

రోనీ బానెట్‌ను దభీమని అతని చేతుల మీద పడేసింది. అతను అరుస్తూ చేతులు లాక్కునేలోపు డార్లాను పక్క సీటులోకి నెట్టి, చక్రం ముందు కూర్చుని తాళం తిప్పింది. ఇంజిన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. అంటుకోలేదు. పెట్రోలు ఎక్కువై మునిగిపోయింది... ఈ జాతి కార్ల పాత జబ్బే. డార్లా తల తిప్పింది. ట్రాస్క్ గొంతుతోనే నవ్వింది. మంచుగడ్డల్లాంటి వేళ్ళతో అక్క మెడ పట్టుకుంది.

"నువ్వూ ఇక్కడే ఉండిపోవే. పదమూడో బండికి చోటు ఖాళీగానే ఉంది."

రోనీ పెదవి కొరుక్కుని, యాక్సిలరేటర్‌ను నేలకంటా తొక్కి వదలకుండా పట్టుకుంది. లోపలికి గాలి పోతేనే ఆ ఇంజిన్ అంటుకునేది. ఊపిరి ఆడక కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఒకటి... రెండు... మూడు... భగ్గుమంది!

కారు వెనక్కి దూసుకెళ్ళి, తలుపులు విరగ్గొట్టుకుని బయటపడింది. ఆ కుదుపుకు డార్లా వేళ్ళు అక్క మెడ మీంచి ఊడిపోయాయి. ట్రాస్క్ బానెట్ మీదికి దూకి, అద్దానికి కరుచుకుని, ఆ ఎముక పిడిని ఎత్తి వికృత బీజాక్షరాలు వల్లించసాగాడు. ఆకాశం మళ్ళీ ఉరిమింది. ఆ మంత్రానికి బండి మళ్ళీ ఎడమకు లాగసాగింది. రోనీ దాన్ని కుడికి లాగుతూ రహదారి మలుపు దాకా తెచ్చింది.

ఎదుట రోడ్డంతా తెల్లగా ఉంది. కౌంటీ రోడ్ల శాఖ బండి అప్పుడే ఉప్పు చల్లి వెళ్ళింది.

"అక్కడికొద్దు," అన్నాడు ట్రాస్క్. మంత్రం ఆపి బతిమాలాడు. "పిచ్చిదానా, నలభై వేల డాలర్ల బండి. మీ నాన్న బండి. కుళ్ళిపోతుంది."

"కుళ్ళనీ."

డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున, మనిషి పుట్టకముందే ఎండిపోయిన ఆదిమ సముద్రం ఉంది. ఈ రోడ్ల మీద చల్లేది అక్కడి గనుల్లో తవ్విన ఉప్పే, క్షుద్రమంత్రాలు పుట్టకముందే పుట్టిన లవణం. దాని ముందు ట్రాస్క్ ఎంత, వాడి కపాలం ఎంత! చక్రాలు ఎగజిమ్మిన ఉప్పునీరు అతని ముఖాన పడగానే చర్మం పొక్కింది, కమిలింది, గోధుమ రంగు పొరలు పొరలుగా లేచింది. వేళ్ళు తుప్పు పట్టిన మేకుల్లా ఒక్కొక్కటే విరిగిపోయాయి. చేతిలోని పిడి పగిలిపోయింది. దిక్కులు పిక్కటిల్లే కేక ఒకటి... ఆ తర్వాత బానెట్ మీద గుప్పెడు ఎర్రటి పొడి. దాన్ని కూడా గాలి ఊడ్చుకుపోయింది.

వెనక కొట్టంలో ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆగిన ప్రతిసారీ ఒక స్త్రీ నిట్టూర్పు మంచులో తేలి వెళ్ళిపోయింది. రోనీ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. చివరిది ఆగాక పక్కకు చూడాలంటే ఆమెకు ధైర్యం చాలలేదు. చెల్లెలు కూడా వాళ్ళతోపాటే వెళ్ళిపోయి ఉంటే?

పక్క సీటులో ఎవరో దగ్గారు.

"అక్కా... ఉప్పులో నడుపుతున్నావేంటే? మతి పోయిందా నీకు?" డార్లా గొంతే, నీరసంగా, చిరాగ్గా. "నాన్న చూస్తే మనిద్దర్నీ చంపేసేవాడు. ఆపు, ఎక్కడైనా కడిగిద్దాం."

రోనీ చెల్లెలి చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. ఆ మంచు చల్లదనం లేదు, జ్వరం లేదు, మామూలు మనిషి చెయ్యి. అప్పుడు వచ్చింది ఏడుపు, వెక్కి వెక్కి.

"కడిగించను," అంది.

ఆ రాత్రి ఇల్లు చేరేదాకా, రోడ్డు మీద ఉప్పు ఎక్కడ ఎక్కువగా పడి ఉంటే అక్కడి నుంచే నడిపింది.